గిన్నె ఖాళీ అయిన మూడు గంటలకు

ఫిబ్రవరి 9, ఆదివారం
మధ్యాహ్నం

పూజ్యురాలైన అక్కయ్యకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. మేమందరం క్షేమం అని మొదలుపెట్టబోయి ఆ ఒక్క మాట దగ్గరే పావుగంట ఆగిపోయాను. మీ మరిది క్షేమం. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఎప్పటిలాగే నడుస్తోంది. నా కూతురు పిచ్చుక క్షేమం. ముందుపళ్ళు రెండూ ఊడిపోయి, వాటిని చూపించడానికి ఇల్లిల్లూ తిరుగుతోంది. నా సంగతే ఎలా రాయాలో తెలియడం లేదు. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

మనం మాట్లాడుకుని ఎనిమిది నెలలైంది. ఇప్పుడు రాస్తే అవసరం పడి రాసింది అనుకుంటావు. అనుకో. అవసరం పడే రాస్తున్నాను.

చివరిసారి మా వంటింట్లో నువ్వు పాలల్లో వేసుకునే ఆ రేకుల డబ్బా చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, దాని పక్కన చీమ తలకాయలంత అక్షరాలతో ఉన్నదంతా పైకి చదివావు. మొక్కజొన్న, పంచదార, గోధుమ, ఇంకో పేరుతో మళ్ళీ పంచదార, తేనె. “ఇది టిఫిను కాదే, పాలల్లో నానబెట్టిన మిఠాయి. పసిదానికి రోజూ ఇదే పెడతావా?” అన్నావు. నాకు ఒళ్ళు మండింది. ఆసుపత్రిలో రోగులకు పథ్యం రాసి రాసి నీకు లోకమంతా రోగుల్లాగే కనిపిస్తోందని అన్నాను. నువ్వు సంచి తీసుకున్నావు. మీ మరిది గాలి కాస్త తేలిక చేద్దామని, “మా ఇంట్లో రెండు సీరియళ్ళు, ఒకటి టీవీలో, ఒకటి గిన్నెలో. రెండూ వదినగారికి పడవు” అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. నువ్వు మెట్లు దిగిపోయావు.

ఇప్పుడు ఆ డబ్బా గురించే రాయాల్సి వచ్చింది.

నా పని ఏమిటో నీకు తెలుసు గానీ పైన ఎలా ఉంటుందో ఎప్పుడూ చెప్పలేదు. పొద్దున్న ఐదున్నరకి తింటాను. ఆరున్నరకి సైటు గేటు దాటి క్రేన్ స్తంభం లోపలి నిచ్చెన పట్టుకుంటాను. పైకి చేరడానికి ఇరవై నిమిషాలు. పైన గది మన చిన్నప్పటి మంచమంత వెడల్పు ఉంటుంది. మూడు వైపులా అద్దాలు, కాళ్ళ కింద కూడా అద్దమే. ఎడమ చేతిలో ఒక లీవరు, కుడి చేతిలో ఒకటి. ఒకదానితో క్రేన్ చెయ్యి తిరుగుతుంది, ఒకదానితో హుక్కు లేస్తుంది, దిగుతుంది. ఎక్కానంటే మధ్యాహ్నం పన్నెండు దాకా దిగడం ఉండదు. అందుకే ఆ ఐదున్నర తిండి మీదే పూటంతా గడవాలి.

నా తిండి ఆ తేనె పూసిన రేకులే. పెద్ద గిన్నె నిండా రేకులు, పాలు, పైన ఒక అరటిపండు. డబ్బా మీద కొండ ఎక్కుతున్న మనిషి బొమ్మ, కింద “మధ్యాహ్నం దాకా తరగని శక్తి” అని అక్షరాలు. నేనూ ఎక్కేదాన్నే కదా అని సంబరపడేదాన్ని.

డిసెంబరులో ఒకరోజు పైన ఉండగా వేళ్ళు వణికాయి. చలి అనుకున్నాను. కానీ వీపంతా చెమట. గుండె చెవుల్లో కొట్టుకుంది. కింద మనుషులు ఒక్కొక్కరు ఇద్దరిద్దరుగా కనిపించారు. లీవర్లు వదిలేసి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. జేబులో పిచ్చుక పెట్టిన చాక్లెట్టు ఉంటే నమిలాను. పది నిమిషాల్లో ఏమీ జరగనట్టు సర్దుకుంది. గడియారం చూశాను. ఎనిమిదిన్నర దాటింది. జనవరిలో రెండోసారి, అప్పుడూ అదే వేళకి. మొన్న శుక్రవారం మూడోసారి. అప్పుడు హుక్కుకు నిండా కాంక్రీటు ఉన్న తొట్టె వేలాడుతోంది. దాని కింద పన్నెండు మంది పనిచేస్తున్నారు. నేను లెక్కపెట్టాను అక్కయ్యా, లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

అమ్మకు చక్కెర జబ్బు ఇలాగే మొదలైంది కదా. చెమటలు, వణుకు, సంచిలో ఎప్పుడూ చక్కెర బిళ్ళలు. తర్వాత పాదం మీద మానని పుండు. తర్వాత ఆ పాదమే లేదు. స్నానం చేసేటప్పుడు నా పాదాలు చూసుకుంటున్నాను. వేళ్ళ మధ్య కూడా వెతుకుతున్నాను. నిన్న మడమ మీద చిన్న పగులు కనిపిస్తే అరగంట దాని ముందు కూర్చున్నాను.

ఎవరికీ చెప్పలేదు. సైటులో చెబితే ఆ పూటే దింపేస్తారు. మొత్తం సైటులో క్రేన్ ఎక్కే ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆడమనిషి చెయ్యి వణికిందట అంటారు. నా తర్వాత ఇంకో ఆడదాన్ని ఆ నిచ్చెన ముట్టుకోనివ్వరు. మీ మరిదికి చెబితే నిచ్చెన కింద మంచం వేసుకుని కూర్చుంటాడు.

ఒక్కటి చెప్పు. ఇది ఆ డబ్బా వల్లేనా? ఎనిమిది నెలల క్రితం ఆ డబ్బా తరఫున నీతో అంత పోట్లాడాను. ఇప్పుడు తప్పంతా దానిదే కావాలని కోరుకుంటున్నాను. దాన్నైతే మానేయగలను. అమ్మ జబ్బే అయితే ఏం మానేయాలి? దాని బదులు ఏం తినాలో కూడా రాయి. పొయ్యి ముందు ఎక్కువసేపు నిలబడే పని చెప్పకు, పొద్దున్న నాకంత టైము ఉండదు.

ఫోను చెయ్యకు. మా ఇంట్లో ఫోను మోగితే పిచ్చుకే ముందు ఎత్తుతుంది. సైటు చిరునామా వెనక రాశాను.

నీ చెల్లెలు

* * *

ఫిబ్రవరి 27, గురువారం

అక్కయ్యకు,

నమస్కారాలు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నాకేం కాలేదు, ముందే చెబుతున్నాను. నాకేం కాలేదు.

నీ ఉత్తరం పంతొమ్మిదిన అందింది. మూడు కాగితాలు, ఒక్క దెప్పిపొడుపు లేదు. దానికే ముందు ఏడుపొచ్చింది. రక్తం పరీక్ష చేయించేదాకా క్రేన్ ఎక్కవద్దు అని రాసి దాని కింద రెండు గీతలు గీశావు. డబ్బా తిండి అంతా విషం కాదని రాశావు. పంచదార కలపనివి, పొట్టు తీయని గింజలతో చేసినవి ఉంటాయనీ, అవి చిన్న కప్పుడు పెరుగుతోనో గింజలతోనో తింటే ఎవరికీ నష్టం లేదనీ, నేను తినేది ఆ రకమూ కాదు, ఆ కొలతా కాదనీ రాశావు. ఒకసారి డబ్బా మీద చెప్పిన కొలతతో నా గిన్నె తూచి చూడమన్నావు. తూచాను. మూడున్నర కొలతలు వచ్చింది. దానిమీద మళ్ళీ అరటిపండు.

బదులుగా రెండు గుడ్లు అన్నావు. లేకపోతే ముందురోజు సాయంత్రమే ఉడికించి పెట్టుకున్న శనగలు. లేకపోతే పంచదార లేని ఓట్స్ జావ, అందులో గుప్పెడు వేరుశనగలు. పండు పండుగానే, రసం చెయ్యకుండా. పైకి వెళ్ళేటప్పుడు జేబులో ఇంకో గుప్పెడు గింజలు. చదివి, మడిచి, బట్టల కింద దాచాను.

మర్నాడు పొద్దున్న అదే గిన్నె తిన్నాను.

ఎందుకని అడుగుతావు. డబ్బా సగం మిగిలి ఉంది. గుడ్డు పెడితే పిచ్చుక వాసన అని ముక్కు మూసుకుంది. ఆదివారం నుంచి మొదలుపెడదాం అనుకున్నాను. ఆ ఆదివారం పక్కింటివాళ్ళు వచ్చారు, ఇంకో ఆదివారం అనుకున్నాను. అసలు కారణం ఇంకోటి. తిండి మార్చినా వణుకు రావచ్చు కదా. అప్పుడిక అది అమ్మ జబ్బే అని తేలిపోతుంది. తేలకుండా ఉంచుకోవడమే నాకు హాయిగా అనిపించింది. జేబు నిండా చాక్లెట్లు వేసుకుని ఎక్కుతూ వచ్చాను.

మొన్న మంగళవారం పద్దెనిమిదో అంతస్తుకి ఇనుప చువ్వల కట్ట ఎత్తుతున్నాం. కింద నుంచి దారి చెప్పేది ఈల బాబాయ్. మాట్లాడే చేతి రేడియోలు రాకముందు ఈల వేసి సైగ చేసేవాడట, అందుకే ఆ పేరు. అరవైకి దగ్గరపడ్డాడు. నాకు పని నేర్పింది ఆయనే. మొదటి నెలలో నేను నిచ్చెన మధ్యలో బిగుసుకుపోతే, కింద నిలబడి తన పెళ్ళినాటి గొడవలన్నీ గట్టిగా చెప్పి నవ్వించి ఎక్కించాడు. ఆ రోజు ఆయన పద్దెనిమిదో అంతస్తు అంచున నిలబడి, “అమ్మాయ్, కుడికి. ఇంకొంచెం. నెమ్మదిగా” అంటున్నాడు.

ఆపు అన్న మాట రేడియోలో తెగిపోయింది. నాకు వినపడలేదు. కట్ట అలాగే తిరిగి వెళ్ళి ఇనుప గొట్టాల పరంజాను కొట్టింది. అక్కడ ఇద్దరు పనిచేస్తున్నారు. బాబాయ్ వాళ్ళిద్దరినీ లోపలికి తోసేశాడు, తను మాత్రం ఒక అంతస్తు కింద చెక్కల మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది, భుజం విరిగింది. పై నుంచి చూస్తే ఎవరో అక్కడ చొక్కా పారేసినట్టు ఉంది.

ఎలా దిగానో గుర్తులేదు. సేఫ్టీ ఆఫీసరు కాగితం పట్టుకుని అక్కడే ఉన్నాడు. రేడియో తెగిపోయిందని చెప్పాను. పాత రేడియోలు, తెగుతూనే ఉంటాయి, ఎవరినైనా అడగండి అన్నాను. ఆయన రాసుకున్నాడు. నిన్న రెండు రేడియోలూ పరీక్షకు పంపారు. రెండూ బాగానే ఉన్నాయట. అందుకని ఇప్పుడు బాబాయే ఆలస్యంగా చెప్పి ఉంటాడని అనుకుంటున్నారు. వయసైంది కదా, చూపు ఆనకపోయి ఉంటుంది అంటున్నారు.

ఇందాక ఆయన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. ఆయన భార్య నా పక్కనే కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని, “పైన ఒక్కదానివే ఎంత భయపడి ఉంటావో తల్లీ” అంది. చెయ్యి లాక్కోలేకపోయాను. వదలమని అనలేకపోయాను. ఇప్పుడామె మంచినీళ్ళ కోసం వెళ్ళింది, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

రేడియో ఒక్కోసారి తెగుతుంది అక్కయ్యా. చలికాలంలో మరీ. అది మామూలే.

నీ చెల్లెలు

* * *

ఏప్రిల్ 16, బుధవారం

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ చిన్నది నమస్కరిస్తూ రాస్తున్న పెద్ద ఉత్తరం ఇది. ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టుకుని ఉంటావు. జరిగింది వరసగా చెబుతాను.

నా రెండో ఉత్తరానికి నువ్వు ఒకటే వాక్యం జవాబు రాశావు. “రేడియో సంగతి నేను అడగలేదే, నాకెందుకు అన్నిసార్లు రాశావు?” అంతే. కింద సంతకం కూడా లేదు. దాన్ని సైటు ఆఫీసు బయట నిలబడి చదివాను. నువ్వు ఎదురుగా నిలబడి అడిగినట్టే ఉంది, చిన్నప్పుడు అద్దం పగలగొట్టి పిల్లి మీద పెట్టినప్పుడు అడిగినట్టు.

రేడియో తెగలేదు. ఆపు అని ఆయన చెప్పింది వినపడింది. మూడుసార్లు వినపడింది. అప్పటికి ఎనిమిదీ నలభై. చెమట పట్టి అప్పుడే వేళ్ళు వణుకుతున్నాయి. నోట్లో చాక్లెట్టు వేసుకోవడానికి ఒక చెయ్యి లీవరు మీద నుంచి తీశాను. కాగితం ఊడలేదు. పంటితో లాగుతున్నాను. ఆపు అన్న మాట ఎక్కడి నుంచో, ఎవరితోనో అంటున్నట్టు వినపడింది. అది నాతోనే అంటున్నారని తల చెప్పేసరికి, ఆ తల మాట చెయ్యి వినేసరికి, కట్ట వెళ్ళిపోయింది.

ఆఫీసులోకి వెళ్ళి సేఫ్టీ ఆఫీసరుకి ఇదంతా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. చెప్పినదంతా ఆయన రాసుకున్నాడు. చివరికి, “మూడుసార్లు ముందే వణికిందన్నావు. మొదటిసారే ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాడు. ఉద్యోగం పోతుందని భయం అన్నాను. “పన్నెండు మంది కింద ఉన్నప్పుడు ఆ భయం వెయ్యలేదా?” అన్నాడు. వేసింది, కానీ చిన్న భయం దగ్గరగా ఉంది, పెద్ద భయం దూరంగా ఉంది. అలా చెప్పడం అప్పుడు చేతకాలేదు. నన్ను క్రేన్ మీద నుంచి తీసేశారు, డాక్టరు సరేనన్నాకే మళ్ళీ చూస్తామన్నారు. బాబాయ్ మీద రాసిన మాట కొట్టేశారు. సైటులో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. ఆయన తోసి బతికించిన ఇద్దరిలో ఒకడు ఎదురుపడితే పక్కకు తప్పుకుంటున్నాడు.

ఆసుపత్రికి వెళ్ళి బాబాయ్‌కి కూడా చెప్పాను. భుజానికి కట్టు, కాలికి బరువు కట్టి ఉంచారు. ఆయన కోపంతో అరుస్తాడనుకుని సిద్ధపడి వెళ్ళాను. ఆయన పైకప్పు చూస్తూ, “మూడుసార్లు ఆపు అన్నాను, నాలుగోసారి ఈల కూడా వేశాను. అన్నానా, అనుకున్నానా అని ఇన్ని రోజులూ నన్ను నేనే అడుగుతున్నా. నా బుర్ర పోయిందేమో అనుకున్నా అమ్మాయ్” అన్నాడు. అక్కయ్యా, ఎముకలు నేను విరిచానని తెలుసు. ఈ సంగతి తెలియదు. ఒక మనిషి తన నోటి మాటనే తను అనుమానించేలా చేశాను. “సరే, వెళ్ళు” అన్నాడు. ఆయన భార్య గుమ్మం దాకా రాలేదు.

పరీక్ష సంగతి. పరగడుపున రక్తం తీశారు, ఒక గ్లాసు తియ్యటి నీళ్ళు తాగించారు, అప్పటి నుంచి అరగంటకోసారి సూది. చెయ్యంతా నీలం. మొదటి గంటలో చక్కెర బాగా పైకి పోయింది. మూడో గంటకి ఉండాల్సినదానికన్నా చాలా కిందికి పడిపోయింది. సరిగ్గా అప్పుడే చేతులు వణికాయి, నర్సు చూసింది కూడా. ఒంటరిగా కాకుండా ఇంకో మనిషి చూస్తుండగా వణకడం అదే మొదటిసారి. నర్సు భుజం మీద చెయ్యి వేస్తే పసిపిల్లలా ఏడ్చాను.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. అమ్మ జబ్బు ఇంకా రాలేదట, కానీ దాని గుమ్మంలో నిలబడి ఉన్నానట. తీపి అంతా ఒక్కసారిగా రక్తంలోకి వచ్చిపడితే, ఒళ్ళు కంగారుపడి అవసరానికి మించి దించేస్తోందట. డబ్బా ఒక్కదాన్నే దోషిని చెయ్యొద్దంది. అంత పెద్ద గిన్నె, అందులో తీపి తప్ప నిలిచే సరుకు లేకపోవడం, గంట తిరగ్గానే ఇరవై నిమిషాలు నిచ్చెన ఎక్కడం, ఆపైన మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోవడం, అమ్మ నుంచి వచ్చిన ఒళ్ళు, ఇవన్నీ కలిశాయట. ఏం తినాలో చెబుతుంటే నీ మూడు కాగితాలు తీసి చూపించాను. చదివి, “ఇది రాసినావిడ ఎక్కడ పనిచేస్తారు?” అంది. మా అక్కయ్య అని చెప్పాను. ఎక్కడో చెప్పడం మరిచి, మా అక్కయ్య అని ఇంకోసారి చెప్పాను.

ఇంటికొచ్చి మీ మరిదికి అంతా చెప్పాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే కొట్టు నుంచి వచ్చేటప్పుడు శనగలు తెచ్చి నానబెట్టేవాడు, ఉడికించేవాడు, నా ముందు పెట్టేవాడు. నాలుగో రోజున, “నువ్వు పైన ధైర్యంగా ఉన్నావని నేను కింద మిషన్ల మధ్య నవ్వుతూ తిరిగాను. నన్ను వెర్రివాణ్ణి చేశావు” అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దుటి తిండి ఎలా ఉందో తెలిస్తే నువ్వు నవ్వుతావు. రెండు గుడ్లు, చిన్న గిన్నెడు శనగలు, పెరుగు, సగం పండు. కొన్నిరోజులు ఓట్స్ జావ. పిచ్చుక వారం రోజులు సమ్మె చేసింది. ఆ డబ్బా ఇస్తేనే బడికి పోతానని గుమ్మానికి అడ్డంగా పడుకుంది. డబ్బా పూర్తిగా తీసేస్తే అదే కలలోకి వస్తుందని నువ్వు రాశావు కదా, అందుకని పంచదార లేనిది ఒకటి తెచ్చి, రెండు చెంచాలు పెరుగు మీద చల్లుతున్నాం. “ఇది రేకుల వర్షం, రేకుల వరద కాదు” అని వాళ్ళ నాన్న దానికి నేర్పాడు. ఇప్పుడు అది బడిలో పిల్లల గిన్నెల్లోకి తొంగిచూసి, “అమ్మో, మీ ఇంట్లో వరద” అంటోందట. టీచరు కబురు పెట్టింది.

బాబాయ్‌ని రెండోసారి చూడటానికి వెళ్ళాను. ఇంటికి వచ్చేశాడు. కర్ర పట్టుకుని గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తున్నాడు. ఇక సైటు పని కుదరదన్నారు. కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. ఆయన నడక పూర్తయ్యేదాకా నిలబడ్డాను. చివరికి, “మళ్ళీ ఎప్పుడు ఎక్కుతావు?” అన్నాడు. డాక్టరు చెప్పాక అన్నాను. “ఎక్కు. ఎక్కకపోతే నేను పడింది ఉత్తదే అవుతుంది. నాకు కోపం పోలేదు, అది వేరే సంగతి” అన్నాడు. అంతకన్నా ఎక్కువ నేను అడగలేదు.

ఈ నెల నాలుగున డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఆఫీసు కూడా, గంటకోసారి రేడియోలో పలకాలి, పైన తిండి పెట్టె ఉండాలి, ఒంట్లో ఏమాత్రం తేడా వచ్చినా బరువు దించేసి చెప్పాలి అన్న షరతులతో ఒప్పుకుంది. ఏడో తేదీ సోమవారం నుంచి మళ్ళీ ఎక్కుతున్నాను. చేతులు వణకడం లేదు. కొత్తగా దారి చెప్పే మనిషి నెమ్మదస్తుడు, ప్రతి మాటా రెండుసార్లు చెబుతాడు. పైన గాలి బాగుంది. మీరందరూ కంగారుపడవద్దు. బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇక ఉంటాను. నీ మాట ఆలస్యంగా విన్న

నీ చెల్లెలు

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ విప్పాను. పైన ఆఖరున రాసింది అబద్ధం. నేను ఎక్కలేదు.

ఏడో తేదీన నిచ్చెన పట్టుకుని పదిహేడు మెట్లు ఎక్కాను. అక్కడ చేతులు బిగుసుకుపోయాయి. డాక్టరమ్మ ఇచ్చిన చిన్న మిషను జేబులో ఉంది, కిందికి దిగి వేలు పొడిచి చూసుకున్నాను. చక్కెర సరిగ్గా ఉంది. అయినా వణుకుతున్నాను. కడుపునొప్పి అని చెప్పి రెండు వారాలు సెలవు రాసిచ్చాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. రోజూ తిండి పెట్టె సర్దుకుని, మీ మరిదికి వెళ్ళొస్తానని చెప్పి వచ్చి, సైటు గేటు ఎదురుగా బస్సు ఆగే చోట బల్ల మీద సాయంత్రం దాకా కూర్చుంటున్నాను. ఈ ఉత్తరం అక్కడే రాస్తున్నాను. నా క్రేన్ మీద ఇంకెవరో ఉన్నారు. హుక్కు కదిలినప్పుడల్లా కింద ఎంతమంది ఉన్నారో లెక్కపెడుతున్నాను.

ఇన్నాళ్ళూ భయమంతా గిన్నెలో ఉందనుకున్నాను, అమ్మ రక్తంలో ఉందనుకున్నాను. తిండి మారింది, రక్తం కుదుటపడింది. ఇది మాత్రం పోలేదు. దీనికి పథ్యం నీ కాగితాల్లో వెతికాను, లేదు.

ఇంట్లో అందరికీ ఈ సాయంత్రమే చెప్పేస్తాను. ఇది నీకు రాశాను కాబట్టి ఇక దాచలేను. ఈ ఆదివారంతో సెలవు అయిపోతుంది, సోమవారం పొద్దున్న వెళ్ళాలి. ఎక్కుతానో, ఇక ఎక్కనని కాగితం ఇచ్చేస్తానో నాకింకా తెలియదు. ఏదైనా సరే ఒక్కదాన్నే చెయ్యలేను. నువ్వు రా అక్కయ్యా. ఏమీ తేవద్దు, ఏమీ చెప్పవద్దు. నిచ్చెన దగ్గర నా పక్కన నిలబడు.

గేటు ఆరున్నరకి తెరుస్తారు.